ఆరో ప్రశ్న

తవిటయ్య ఉద్యోగం పోవడానికి కారణం నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సినప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత బాగా వచ్చో తర్వాత మీకే తెలుస్తుంది.

అది 2001వ సంవత్సరం. వైజాగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏ సబ్జెక్టు అని ఎవరైనా అడిగితే ఒళ్ళు మండేది, ఎందుకంటే ఒక్క ముక్కలో చెప్పడానికి లేదు. పొద్దున ఫిలాసఫీ డిపార్ట్‌మెంటు, మధ్యాహ్నం సైకాలజీ లాబు, బుధవారాలు ఆస్పత్రిలో నరాల వార్డు. ఫిలాసఫీ వాళ్ళు నన్ను "మెదడు మేడం" అని ఏడిపించేవాళ్ళు. వార్డులో నర్సులు "వేదాంతం మేడం వచ్చింది" అని నవ్వుకునేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. మా అమ్మ మాత్రం గాజువాకలో మా వీధి వీధంతటికీ "మా నాగశ్రీ మెదడు చదువుతోందండీ" అని చాటింపు వేసేసింది. దాంతో తలనొప్పి వచ్చిన ప్రతివాళ్ళూ మా గుమ్మం ఎక్కేవాళ్ళు.

నేను తేల్చుకోవాలనుకున్న సంగతి ఇదీ. తలకి దెబ్బ తగిలి కొన్ని నిమిషాలు పోగొట్టుకున్న మనిషి ఆ ఖాళీని దేంతో నింపుకుంటాడు? నింపుకున్నాక "నాకు గుర్తుంది" అని ఒట్టేసి చెబితే అతను అబద్ధమాడినట్టా, కాదా? మా గైడు త్రినాథరావుగారు ముప్ఫై ఏళ్ళుగా న్యాయదర్శనం చెబుతున్న మనిషి. "జ్ఞాపకం ప్రమాణం కాదమ్మా, ఆప్తుడి మాట ప్రమాణం అన్నారు మనవాళ్ళు. ఆప్తుడంటే చుట్టం అనుకునేవు. సంగతి తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు" అనేవారు. నరాల డాక్టరు ఉమాశంకర్‌గారికి ఈ మాట చెబితే నవ్వి, "గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మెదడు ఆ సంగతిని మళ్ళీ కొత్తగా రాసుకుంటుందని ఎలకల మీద పరీక్షలు చేసినవాళ్ళు ఈమధ్య అంటున్నారు. వెళ్ళి మీ సారుకి చెప్పు" అనేవారు. ఇద్దరి మాటలనీ కలిపి నేనొక్కదాన్నే పెద్ద సత్యం కనిపెట్టేస్తానని నా పొగరు.

వరహాలుని నాకు చూపించింది ఆ డాక్టరుగారే. నలభై ఏళ్ళ మనిషి, మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంటాడు. ఊరి చివర ఒక రోలింగ్ మిల్లులో ఖలాసీ. అంటే ఇనుప కడ్డీల కట్టకి తాళ్ళు చుట్టి, క్రేను కొక్కేనికి తగిలించి, పక్కకి జరిగి విజిల్ ఊదే పని. పైన క్యాబిన్‌లో కూర్చుని క్రేను నడిపేవాడు తవిటయ్య. ఇద్దరూ పదకొండేళ్ళుగా ఒకే షెడ్డులో ఉన్నారు. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అంటే "బావా". క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కింద సగమే కనపడుతుంది, మిగతా సగానికి ఖలాసీ విజిలే ఆధారం. విజిల్ పడకుండా కొక్కెం కదలకూడదు. ఆ ఒక్క నియమం మాత్రం తాగొచ్చినవాడు కూడా తప్పేవాడు కాదట.

ఏప్రిల్లో, మన ఊళ్ళో వన్డే మ్యాచ్ జరిగిన రోజున, భోజనాల వేళకి కాస్త ముందు, వరహాలు ఇంకా పక్కకి జరగకుండానే కట్ట లేచింది. ఊగిన కొస వచ్చి అతని తలని కొట్టింది. హెల్మెట్ పగిలింది. మూడు రోజులు స్పృహ లేదు. లేచాక పెళ్ళాన్నీ, పిల్లల్నీ, ఇంటినీ అన్నిటినీ గుర్తుపట్టాడు గానీ ఆ రోజు టీ తాగిన దగ్గర్నుంచి అంతా ఖాళీ. విజిల్ విన్నాకే లేపానని తవిటయ్య అన్నాడు. చూసినవాళ్ళు లేరు. విజిల్ ఊదాడో లేదో చెప్పాల్సింది వరహాలు ఒక్కడే, అతనికేమో గుర్తులేదు. కంపెనీ ఎంక్వైరీ వేసింది. తప్పు తవిటయ్యదని తేలితే ఉద్యోగం ఊడుతుంది.

ఎంక్వైరీ సంగతి నాకు మొదటి రోజునే తెలుసు. తెలిసీ వెళ్ళాను. గుర్తుండటానికీ ఉండకపోవడానికీ ఒకరి బతుకు ముడిపడి ఉంటే పరిశోధన ఇంకా రసవత్తరంగా ఉంటుందని కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

మిల్లువాళ్ళు సీలు వేసి ఇచ్చిన అనుమతి కాగితం ఒకటి ఫైల్లో పెట్టుకుని, వారానికోసారి టేప్ రికార్డరుతో వరహాలు ఇంటికి వెళ్ళేదాన్ని. కళ్ళు మూసుకోమని, షెడ్డులో నిలబడ్డట్టు ఊహించుకోమని చెప్పి, ఆరు ప్రశ్నలు అడిగేదాన్ని. ఐదు అసలువి. ఆరోది ఉత్తుత్తిది. జరగని సంగతి ఒకటి ప్రశ్నలో పెట్టి, అది మనిషి జ్ఞాపకంలోకి దూరుతుందా లేదా అని చూడటానికి. మ్యాచ్ రోజు కదా, నమ్మేలా ఉంటుందని మా డాబా మీద బట్టలారేస్తూ కల్పించాను దాన్ని. "క్రేను క్యాబిన్‌లో రేడియో మోగుతోందా, వరహాలుగారూ?"

అన్ని వారాలూ అయ్యాక ఉత్తుత్తి ప్రశ్న ఏదో ఆ మనిషికి విప్పి చెప్పాలి. అది నియమం. త్రినాథరావుగారు దాన్ని నాచేత కాగితం మీద రాయించి సంతకం కూడా పెట్టించుకున్నారు.

మొదటి వారం వరహాలు "తెల్దమ్మా" అన్నాడు. రెండో వారం, "రేడియోనా? అంతెత్తున మోగితే కిందకెలాగినబడతాదమ్మా?" అన్నాడు. మూడో వారం కాసేపు కళ్ళు మూసుకుని, "ఏటో సప్పుడైతే ఉన్నాది" అన్నాడు.

నాలుగో వారం నేను ప్రశ్న పూర్తి చెయ్యకుండానే అందుకున్నాడు. "ఉన్నాదమ్మా! రేడియో మోగతన్నాది. కామెంట్రీ. నాను విజిల్ నోట్లో ఎట్టుకున్నాను, ఊదనేదు. ఇంకా ఊదనేదు. ఆటలో పడిపోయి బావ లేపేసేడు." ఆ మాట అంటూనే ఏడుపు వచ్చేసింది అతనికి. "బావే ఇలగ సేత్తాడని నాననుకోనేదమ్మా" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అతను ఏడుస్తుంటే నేనేం చేశానో తెలుసా? టేపు తిరుగుతోందా లేదా అని చూసుకున్నాను. తిరుగుతోంది. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చి నోట్సులో ఆ వాక్యం కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజే చెప్పేయాల్సింది. కానీ ఆరు వారాలు ఆగి మళ్ళీ అడిగితే ఆ జ్ఞాపకం గట్టిపడిందో, కరిగిపోయిందో తెలుస్తుంది కదా! అది తెలిస్తే నా అధ్యాయం ఎక్కడికో వెళ్ళిపోతుంది కదా! అందుకని "మళ్ళీ వస్తానండీ" అని చెప్పి వచ్చేశాను.

ఆరు వారాలు గడిచాక వెళ్తే వరహాలు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. తల మీద కుట్లు మానాయి, జుట్టు మొలిచింది.

"ఎంక్వైరీ అయిపోనాదమ్మా. రేడియో సంగతి సెప్పేసేను. బావని తీసేసేరు."

"రేడియో సంగతి మీకు నిజంగా గుర్తుందా, వరహాలుగారూ?" అన్నాను.

"అయ్యో, ఎందుకునేదు? అయినా మీ ఫైల్లో రాసున్నాది గదమ్మా. కంపెనీ సీలేసిన కాయితం నాను సూసేను. నేకపోతే మీరెందుకడుగుతారు?"

అప్పుడర్థమైంది నాకు. ఇన్ని పుస్తకాలు చదివి నేను చేసిన తప్పు. యూనివర్సిటీ కుర్రాళ్ళని ఆరు ప్రశ్నలడిగితే వాళ్ళు వాటిని ప్రశ్నలనుకుంటారు. గాజువాకలో ఒక ఖలాసీ ఇంటికి చదువుకున్న ఆడపిల్ల కంపెనీ సీలున్న ఫైలు పట్టుకుని వచ్చి అడిగితే, అవి ప్రశ్నలు కావు, సమాచారం. ఆవిడ చూసే అడుగుతోంది, నాకే గుర్తు రావట్లేదు అనుకుంటాడు. వారం వారం కష్టపడి గుర్తుతెచ్చుకుంటాడు. త్రినాథరావుగారు చెప్పిన ఆప్తురాలిని నేనే అయి కూర్చున్నాను, సంగతి తెలియని ఆప్తురాలిని.

చెప్పానా మరి, అక్కడే, ఆ గుమ్మంలోనే? లేదు. "సరేనండీ" అని మంచినీళ్ళు తాగి వచ్చేశాను. చెబితే ఎంక్వైరీ తిరగబడుతుంది. కంపెనీ యూనివర్సిటీకి రాస్తుంది. నా థీసిస్ పోతుంది. నాన్నకి తెలుస్తుంది. ఇలా ఒక్కొక్క కారణమే ఇంటికి నడిచేలోపు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. తవిటయ్య అనే మనిషిని అప్పటికి నేను చూడనైనా లేదు, అందువల్ల అతను ఆ లెక్కలోకి రాలేదు.

ఆ శుక్రవారం త్రినాథరావుగారు అడిగారు. "వరహాలుకి విప్పి చెప్పావామ్మా?"

"చెప్పానండీ" అన్నాను.

"ఏమన్నాడు?"

"నవ్వాడండీ."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆయన కూడా నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, బెంగళూరు సదస్సుకి వ్యాసం పంపమన్నారు. పంపాను. వెళ్ళాను. స్లైడు మీద "వ్యక్తి వ" అని రాసి, నాలుగు వారాల జవాబులూ వరసగా పెట్టి చదివాను. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి, "ఈ వ్యక్తి వ చెప్పినదాని వల్ల ఎవరికైనా ఏమైనా నష్టం జరిగిందా?" అని అడిగాడు. "అలాంటిదేమీ లేదండీ" అన్నాను. తేలు కుట్టిన దొంగ కూడా నాకన్నా నయం, మొహంలోనైనా ఏదో కనపడుతుంది వాడికి. నాకు అదీ లేదు.

సెప్టెంబరులో ఒకరోజు డిపార్ట్‌మెంటు వరండాలో ఒకావిడ నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన నేత చీర, చంకలో గుడ్డ సంచి, కాళ్ళకి దుమ్ము. అటెండరు నావైపు చూపించి, "మెదడు మేడం ఈవిడే" అన్నాడు.

"నా పేరు సిలకమ్మండి. మాది ఆనందపురం అవతల. మా యింటాయన మిల్లులో క్రేను నడిపేవోడు. తవిటయ్య."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఫైలు మీదికి పోయింది. నన్ను తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"మీరు బుర్రల డాట్టరమ్మంట గదా. మీ వీధిలో మా సుట్టాలున్నారు, ఆలు సెప్పేరు. మా ఆయనకి మందేటైనా ఇవ్వండమ్మా. పని పోయినకాడి నుంచి ఊళ్ళోనే ఉన్నాడు. అన్నం సయించదు, నిద్దర నేదు. విజిల్ ఇన్నానా, ఇన్నేదా అని అదే మాట. నాగలి అట్టుకుని మడిలో మజ్జెన నిలబడిపోతన్నాడు. ఆ రోజేటయ్యిందో గుర్తొచ్చే మందు ఉంటాదంట గదా, అదివ్వండి తల్లీ. తప్పు సేసుంటే సేసేనని కాళ్ళు అట్టుకుంటాడు. సెయ్యకపోతే కడుపునిండా అన్నం తింటాడు. ఏదో ఒకటి తేలిపోవాల గదా."

సంచిలోంచి అరటిపళ్ళు తీసి నా బల్ల మీద పెట్టింది. నా ముందు నిలబడి, నేను పెట్టిన జబ్బుకి నన్నే మందడుగుతోంది.

"కూర్చోండి చిలకమ్మగారూ" అన్నాను. ఆమె కూర్చోలేదు. నేనూ నిలబడే చెప్పాను, మొత్తం. రేడియో సంగతి నేను కల్పించానని, పరీక్ష కోసమని, వరహాలు దాన్ని నిజమనుకున్నాడని, నాకు తెలిసి కూడా రెండు నెలలుగా నోరెత్తలేదని. చెబుతున్నప్పుడు మధ్యలో ఒక్కసారి "మా పరిశోధనలో ఇలా చేస్తారండీ" అన్నాను. అప్పుడు కూడా నన్ను నేను వెనకేసుకొచ్చాను చూడండి.

చిలకమ్మకి ముందు అర్థం కాలేదు. "అయితే రేడియో నేదా?"

"లేదు. ఉందని ఎవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను."

"ఎందుకు?"

దానికి నా దగ్గర నాలుగు వందల పేజీల జవాబుంది.

"మీ సదువు మండిపోను!" అని అరిచింది ఆమె. పక్క గదిలోంచి ఇద్దరు తొంగిచూశారు. "పదకొండేళ్ళు ఒక్క రోజు నాగా ఎట్టనేదు మనిసి. ఊళ్ళో అందరూ ఆట ఇనుకుంటా మనిసిని సంపబోయేడని అంటన్నారు. మా ఇంట్లో రేడియో ఎప్పుడైనా ఉన్నాదని ఎవుడైనా అడిగేడా? మీరడిగేరా?" నా మణికట్టు పట్టుకుంది. "నడండి. మిల్లు కాడికి నడండి. అక్కడ సెప్పండి ఈ మాట."

నడిచాను. ముందు త్రినాథరావుగారి గదిలోకి ఆమెని వెంటబెట్టుకునే వెళ్ళి, వరహాలు నవ్వలేదనీ, అసలు నేను చెప్పనే లేదనీ చెప్పాను. ఆయన చిలకమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. నా జీవితంలో ఎవరు తిట్టినా అంత సిగ్గు పడలేదు. బస్సులో ఆయన కూడా మాతో వచ్చారు.

మిల్లులో పర్సనెల్ మేనేజరు నా టేపు విని, నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే మా సాక్షిని మీరు తయారుచేశారన్నమాట."

"అవునండీ" అన్నాను.

"ఈ మాట రాసిస్తారా?"

"రాసిస్తాను."

"మీ చదువు మీద దెబ్బ పడుతుందేమో, ఆలోచించుకోండి."

ఆలోచించుకునే వేళ దాటిపోయిందని చెప్పి, అక్కడే కూర్చుని మూడు పేజీలు రాశాను. త్రినాథరావుగారు కింద సాక్షి సంతకం చేశారు. మర్నాడు వరహాలు ఇంటికెళ్ళి టేపు వినిపించాను. మొదటి వారం తన గొంతులోనే "తెల్దమ్మా" అన్న మాట విన్నాడు. విని, నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

"అడిగినారు, నిజమే. అడిగితే గదమ్మా గుర్తొచ్చినాది."

"లేనిది గుర్తొచ్చింది వరహాలుగారూ."

"మీకెలగ తెల్సమ్మా? మీరున్నారా అక్కడ?" నిజమే. అంత గొప్ప ప్రశ్న మా డిపార్ట్‌మెంటులో కూడా ఎవరూ అడగలేదు. కానీ సాయంత్రానికి అతనే మా ఇంటికి వచ్చాడు. "నాకు ఇప్పటికీ ఇనబడతానే ఉన్నాదమ్మా రేడియో. అయినా మీరు నేదంటన్నారు గదా, బావ బతుకు. ఒట్టేసి సెప్పనేనని రాసిచ్చేత్తాను" అన్నాడు. చెప్పినట్టే వేలిముద్ర వేసి ఇచ్చాడు.

యూనివర్సిటీ కమిటీ వేసింది. వరహాలు అధ్యాయం తీసేశారు, నన్ను ఏడాది పాటు ఆపేశారు. నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు, "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నువ్వు రెండూ జారావే" అన్నాడు. అయినా అన్ని నెలల తర్వాత ఆ రోజు నాకు ఆకలేసింది. రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఎందుకంటే ఆ పొద్దున్నే మిల్లు నుంచి కబురు వచ్చింది. తవిటయ్యని పనిలోకి తిరిగి తీసుకుంటున్నారు. సాక్ష్యం నిలవదు కాబట్టి అతని మీద తప్పు రుజువు కాలేదని ఆర్డరు.

ఆ ఆర్డరు నేనే తీసుకెళ్తానని అడిగాను. మేనేజరు ఒక నకలు ఇచ్చాడు. నవంబరు మొదట్లో, ఆనందపురం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారిలో ఏం మాట్లాడాలో మూడుసార్లు మార్చుకున్నాను. క్షమించమని అడుగుతాను, తిడితే పడతాను, కొట్టినా సరే. మనిషి చేతిలో కాగితం పెట్టి, తప్పు మీది కాదు నాది అని ఒక్కసారి అతని మొహం చూసి చెబితే చాలు. ఆ తర్వాత నాకు కాస్త నిద్ర పడుతుంది. నా నిద్ర గురించే, చూశారా, అప్పుడు కూడా.

తవిటయ్య అరుగు మీద కూర్చుని బీర గింజలు ఏరుతున్నాడు. నేననుకున్నంత పెద్ద మనిషి కాదు. బుగ్గలు లోపలికి పోయాయి. చిలకమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది గానీ పీట వేసింది.

ఆర్డరు చదివి వినిపించాను. చిలకమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. తవిటయ్య గింజలు ఏరడం ఆపలేదు.

"సోమారం నుంచి రమ్మన్నారు" అన్నాను.

"నాను ఎక్కనమ్మా."

"అదేంటండీ! మీ తప్పేమీ లేదని తేలింది."

"తేలనేదు గదా. రుజువవనేదని రాసేరు." చదువుకోనివాడనుకున్నాను, ఆ తేడా నాకన్నా ముందు పట్టుకున్నాడు. "మల్లీ క్రేనెక్కితే మల్లీ ఎవుడి తలో పగులతాది. వరహాలు బావకి ఆయుస్సున్నాది, బతికేడు."

టేపు రికార్డరు తీశాను. మొదటి వారం టేపు పెట్టాను. నా గొంతు వినిపించింది, తియ్యగా, బుద్ధిమంతురాలి గొంతు. "క్రేను క్యాబిన్‌లో రేడియో మోగుతోందా, వరహాలుగారూ?" తర్వాత వరహాలు, "తెల్దమ్మా." ఆపేసి, మళ్ళీ వినిపించాను. "చూశారా? ఇది నా మాట. ఎవరూ చెప్పలేదు. నేను కల్పించాను. మీ క్యాబిన్‌లో రేడియో లేదు తవిటయ్యగారూ."

తవిటయ్య చేటలో చెయ్యి ఆపి ఆలోచించాడు.

"మరి నాకెందుకు ఇనబడతన్నాదమ్మా?" అన్నాడు.

టేపు ఆపేశాను.

"ముందు నాకూ నేదు. నేదనే సెప్పేను ఎంక్వైరీలో. వరహాలు బావ అబద్దమాడడు. పదకొండేళ్ళు ఒక్క అబద్దం ఆడనేదు నాతోటి. బావ ఉన్నాదంటే ఉండాల గదా అని ఆలోచించేను. ఆలోచించగా ఆలోచించగా వచ్చినాదమ్మా. నల్లటిది. తోలు సంచీ. సీటు పక్కన ఎట్టేను. ఒక ఆటగాడు అవుటైపోనాడు, అందరూ అరుత్తన్నారు. ఆ అరుపుల్లో విజిల్ అనుకున్నాను."

"రేడియో మనింట్లో ఎప్పుడున్నాదయ్యా?" అంది చిలకమ్మ, ఏడుపు గొంతుతో. ఎన్నిసార్లు అడిగిందో ఈ మాట.

"నేదు. అదే గదా. ఎవరో ఇచ్చేరు. ఎవరిచ్చేరో అదొక్కటీ గుర్తు రావటం నేదు." నావైపు తిరిగాడు. "తమరు పెద్ద సదువు సదివినోరు. ఎవరిచ్చేరో సెప్పండమ్మా. అది తెలిసిపోతే నాకు నిమ్మళంగా ఉంటాది."

ఎంత మర్యాదగా అడిగాడో! నేను పీట మీంచి లేచి అతని ముందు నేల మీద కూర్చున్నాను. "ఎవరూ ఇవ్వలేదండీ. నా మాట వినండి. రేడియో అనేదే లేదు. అది నా నోట్లోంచి వచ్చింది. నా నుంచి వరహాలుకి, వరహాలు నుంచి మీకు. నా వల్ల వచ్చింది మీకది. తప్పంతా నాది."

అతను నా మొహంలోకి చూశాడు. నుదురు ముడిపడింది. వరహాలు కళ్ళు మూసుకుని వెతుక్కునేవాడే, అచ్చం అలాగే వెతుక్కుంటున్నాడు. ఆపండి, వెతక్కండి అని అరవాలనిపించింది. అరిచేలోపే అతని మొహం విచ్చుకుంది.

"అవునమ్మా" అన్నాడు మెల్లగా. "మీరే. గేటు కాడ. పొద్దున షిఫ్టుకి ఎల్తంటే మీరే ఇచ్చేరు."

"కాదు..." అన్నాను.

"మీరే తల్లీ. ఫైలొకటి ఉన్నాది సంకలో. ఇప్పుడు తేటగా కనబడతన్నాది." అయిదు నెలలుగా అన్నం సయించని మనిషి కళ్ళలో నీళ్ళతో నవ్వాడు. చేట పక్కన పెట్టి నా తల మీద చెయ్యి వేశాడు. "ఊరుకోండి, ఏడవకండి. మీ తప్పేటున్నాదమ్మా అందులో? ఆట ఇనుకుంటాడని మంచికే ఇచ్చేరు. పనికాడ ఎట్టుకున్నోణ్ణి నాను గదా."

చిలకమ్మ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది. తవిటయ్య ఆమెని పిలిచి అన్నం వడ్డించమన్నాడు. ఇద్దరికీ పెట్టమన్నాడు.